నాణెం మీది ఏడు, నాణెం కొట్టిన ఏడు

6 జనవరి 2024, శనివారం

పొద్దున్నుంచీ 1792 సెంటు నమూనాల గురించే చదువుతున్నాను. అమెరికా కాంగ్రెస్ ఆ ఏడు ఏప్రిల్ 2న టంకశాల చట్టం చేసింది. దాని ప్రకారం ఒక్కో సెంటులో 264 గ్రెయిన్ల రాగి ఉండాలి. గ్రాముల్లో చెప్పుకుంటే 17 పైనే. నూరు సెంట్లు జేబులో వేసుకుని బజారుకు వెళ్ళడం ఎవరి తరం?

టంకశాలలో హెన్రీ వోయిట్ అనే గడియారాల పనివాడు దీనికో ఉపాయం ఆలోచించాడు. రాగి బిళ్లను చిన్నది చేసి, నడుమ రంధ్రం పొడిచి, అందులో మూడు పావుల సెంటు విలువైన వెండి బిరడా దిగగొట్టాలి. మిగతా పావు సెంటు విలువ చుట్టూ ఉన్న రాగిది. అచ్చుల మధ్య దెబ్బ పడగానే వెండి రాగిలోకి ఒత్తుకుని కదలకుండా కూర్చుంటుంది. అంతే వెండిని రాగితో కలిపి కరిగించడం ఇంకో మార్గం. 1792 డిసెంబరు 18న జెఫర్సన్ ఈ రెండు మార్గాలనూ వివరిస్తూ వాషింగ్టన్‌కు ఉత్తరం రాసి, దాంతో నమూనాలు పంపాడు.

రెండింటికీ ఇబ్బంది ఉంది. బిరడా పద్ధతి చేతిపని, వేలకొద్దీ కొట్టడానికి పనికిరాదు. కలిపి కరిగిస్తే వెండి ఉందో లేదో పైకి తెలియదు, వట్టి రాగితో ఎవడైనా దొంగ సెంటు చేసుకోవచ్చు. చివరికి కాంగ్రెస్ 1793 జనవరి 14న సెంటు బరువును 208 గ్రెయిన్లకు తగ్గించేసింది. దాంతో బిరడా అవసరమే లేకుండా పోయింది.

వెండి బిరడా ఉన్నవి ఈనాడు డజను అటూ ఇటూగా మిగిలాయి. నాకు ఈ సెంటు మీద ఎందుకింత ప్రేమంటే, ఒక దేశం తన తొలి లెక్కలు ఎలా సరిచూసుకుందో ఇందులో కంటికి కనిపిస్తుంది. చట్టం ఏం అడిగింది, చేయి ఏం చేయగలిగింది, రెంటికీ ఎక్కడ పొసగలేదు, అన్నీ బొటనవేలి గోరంత చోటులో ఉన్నాయి.

9 జనవరి, మంగళవారం

హాఫ్ డిస్మ్. ఐదు సెంట్ల వెండి నాణెం. జెఫర్సన్ తన ఖర్చుల పుస్తకంలో రాసుకున్నాడు: 1792 జూలై 11న నాణేలు కొట్టడానికి 75 డాలర్లు ఇచ్చాడు, జూలై 13న 1500 హాఫ్ డిస్మ్‌లు తీసుకున్నాడు. 75ను ఐదు సెంట్లతో భాగిస్తే సరిగ్గా 1500. లెక్క పక్కాగా ఉంది.

అప్పటికి టంకశాలకు స్థలమే లేదు. డేవిడ్ రిట్టన్‌హౌస్ స్థలం కొన్నది జూలై 18న. అందుకని ఈ నాణేలను జాన్ హార్పర్ అనే రంపాల తయారీదారు నేలమాళిగలో కొట్టారు. నవంబరులో కాంగ్రెస్ ముందు ప్రసంగిస్తూ వాషింగ్టన్ వీటిని చిన్న ఆరంభంగా చెప్పుకున్నాడు.

ఒమాహాలో వైద్యుడిగా ఉన్న జడ్ 1959లో నమూనా నాణేల క్యాటలాగు వేసి, దీనికి 7వ నంబరు ఇచ్చాడు. ఆ పుస్తకం లేకుండా ఈ రంగంలో ఎవరికీ అడుగు సాగదు, నాకూ సాగదు. కానీ ఈ ఒక్క దాన్ని నమూనా అంటే నేను ఒప్పుకోను. మిగిలినవి వందల్లో ఉంటే, వాటిలో చాలా వాటి మీద బొమ్మ అరిగిపోయి ఉంది. చేతులు మారకుండా అలా అరగవు. జనం ఖర్చుపెట్టుకున్నదే నాణెం.

16 జనవరి, మంగళవారం. కనుమ

రాత్రంతా మంచు పడింది. ఫిలడెల్ఫియా ఇంత మంచు చూసి దాదాపు రెండేళ్ళయిందని టీవీలో చెబుతున్నారు. ఇక్కడి కనుమకు మంచే ముగ్గు. మధ్యాహ్నం గారెలు తింటుంటే షార్లెట్ నుంచి చిన్నా ఫోన్ చేశాడు.

"అత్తా, 1804 పెద్ద సెంటు ఒకటి అమ్మకానికి పెట్టారు. ధర చూస్తే నాకు అందుబాటులోనే ఉంది. తీసుకోమంటావా?"

"బొరుసు ఫోటో పంపించు నాన్నా. ధర తర్వాత చెబుదువుగాని."

పంపించాడు. చూడగానే తెలిసిపోయింది. 1804లో సెంట్లు ఒకే జత అచ్చులతో కొట్టారు. ఆ బొరుసు మీద ఆకుల దండ కింద వందలో ఒకటో వంతు అని భిన్నం చెక్కి ఉంటుంది. ఈ ఫోటోలో భిన్నమే లేదు. దండ కూడా వేరేది. ఇది రీస్ట్రైక్. అమ్మేవాడు ఆ మాటే ఎత్తలేదు, 1804 అని మాత్రం పెద్దక్షరాల్లో వేశాడు.

చిన్నాకు ఇలా విడమర్చి చెప్పాను. టంకశాల పాతబడ్డ అచ్చులను తుక్కు ఇనుము కింద అమ్మేసింది. ఎవరి చేతికో 1803 నాటి బొమ్మ అచ్చు ఒకటి, 1820 నాటి బొరుసు అచ్చు ఒకటి చిక్కాయి. 3ను 4గా మార్చి, రెంటినీ జతచేసి, 1860 ప్రాంతంలో వందల్లో నాణేలు కొట్టారు. టంకశాలకు ఏ సంబంధమూ లేదు. 1804 సెంటు అరుదైనది, దొరకనివాళ్ళ ఆల్బములో ఆ గుంట నిండాలి, అందుకోసం పుట్టిన నాణెం ఇది.

"అయితే దొంగ నాణేమా అత్తా?"

కాదన్నాను. ఆ అచ్చులు రెండూ నిజంగా అమెరికా టంకశాలవే. కాకపోతే అవి ఆ టంకశాలలో ఎప్పుడూ జతకట్టినవి కావు. దొంగ నాణెం అనడానికీ వీల్లేదు, 1804 సెంటు అనడానికి అసలే వీల్లేదు. "కొనాలనుకుంటే 1860 నాటి నాణెంగా కొనుక్కో. ఆ లెక్కన ధర సరిపోతుందేమో చూసుకో."

17 జనవరి, బుధవారం

నిన్న చిన్నాకు చెప్పడానికి కుదరనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ ఫోటోలో బొమ్మ చుట్టూ చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయి. అచ్చు తుప్పుపడితే దాని మీద గుంటలు ఏర్పడతాయి. కొట్టినప్పుడు రాగి ఆ గుంటల్లోకి పొంగి, నాణెం మీద బుడిపెలుగా లేస్తుంది. అంటే ఆ అచ్చు ఎన్నో ఏళ్ళు ఎక్కడో మూల తుప్పుపడుతూ పడి ఉందని నాణేనికి నాణెమే చెబుతోంది. అమ్మేవాడు దాచినా లోహం దాచలేదు.

ఈ రీస్ట్రైకుల కథల్లో జోసెఫ్ మిక్లీ పేరు తప్పకుండా వస్తుంది. ఫిలడెల్ఫియాలో పియానోలు చేసేవాడు, వయొలిన్లు బాగుచేసేవాడు. పుట్టింది 1799లో. తన పుట్టిన ఏటి సెంటు కోసం వెతకడం మొదలుపెట్టి ఆ తరం సేకర్తలందరికీ పెద్దదిక్కయ్యాడు. 1858 జనవరి 1న ఇక్కడ నాణేల సంఘం పెట్టినప్పుడు అధ్యక్షుడు ఆయనే. 1867లో ఇంట్లో దొంగలు పడి సేకరణలో పెద్ద భాగమే ఎత్తుకుపోయారు.

1811 అర సెంటు రీస్ట్రైకు ఆయన దగ్గరున్న అచ్చుతోనే వచ్చిందంటారు. 1811 బొమ్మకు 1802 నాటి బొరుసు తగిలించారు. డజను దాకా మిగిలాయి. మిక్లీ 1878 ఫిబ్రవరిలో చనిపోయాక ఆయన ఆస్తిలో టంకశాల పాత అచ్చులు బయటపడ్డాయి. అవి వేలానికి రాబోతుంటే ప్రభుత్వం తన సొత్తని వాటిని తీసుకుపోయింది. తుక్కు కింద అమ్మేటప్పుడు సొత్తు అని గుర్తు రాలేదు! అమ్మే ముందు ఆ అచ్చు ముఖం మీద ఉలితో అడ్డంగా ఒక్క గీత పెట్టి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. ఆ నిర్లక్ష్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

21 జనవరి, ఆదివారం

1804 డాలర్ గురించి ఇవాళ వివరంగా రాసి పెట్టుకోవాలి. చిన్నా అడుగుతాడు, అడిగినప్పుడు నోటికొచ్చింది చెప్పకూడదు.

1804లో టంకశాల 19,570 వెండి డాలర్లు కొట్టినట్టు లెక్కల్లో ఉంది. కానీ వాటి మీద 1803గానీ అంతకు ముందుదిగానీ ఏడు ఉంది. అప్పట్లో అచ్చు అరిగేదాకా వాడటం రివాజు, ఏడు మారిందని పక్కన పెట్టేవారు కాదు. ఆ తర్వాత డాలర్ కొట్టడమే ఆపేశారు. కాబట్టి 1804లో ఏ డాలర్ మీదా 1804 అని పడలేదు.

ముప్పై ఏళ్ళు గడిచాయి. ఎడ్మండ్ రాబర్ట్స్ అనే రాయబారి మస్కట్ సుల్తానుతో, సియాం రాజుతో ఒప్పందాలు చేసుకొచ్చాడు. వాళ్ళకు కానుకలు పంపాలి. దేశంలోని నాణేలన్నీ ఒక్కొక్కటి చొప్పున పెట్టెలో పెట్టి ఇమ్మని 1834 నవంబరులో విదేశాంగ శాఖ టంకశాలకు రాసింది. చట్టం ప్రకారం డాలర్ ఇంకా చెల్లుబాటులోనే ఉంది. చివరిసారి కొట్టింది ఎప్పుడని పుస్తకం తీస్తే 1804 అని కనిపించింది. ఆ ఏడే అచ్చు మీద చెక్కారు.

రాబర్ట్స్ పీకాక్ అనే యుద్ధనౌకలో కానుకలతో బయల్దేరాడు. ఓమాన్ తీరంలో మసీరా దగ్గర ఓడ ఇసుకమేట వేసింది. ఎలాగో బయటపడి మస్కట్ చేరి, సుల్తానుకు ఆయన పెట్టె ఇచ్చి, మరమ్మతుకు బొంబాయి వెళ్ళింది. అంటే సియాం రాజు పెట్టెలోని 1804 డాలర్ 1835లో మన బొంబాయి రేవులో కొన్ని వారాలు ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు. 1836 ఏప్రిల్‌లో అది సియాం చేరింది. కొచ్చిన్‌చైనాకూ జపాన్‌కూ తీసుకెళ్ళిన కానుకలు చేరవలసిన చోటికి చేరకముందే రాబర్ట్స్ ఆ జూన్‌లో మకావులో చనిపోయాడు.

సియాం పెట్టె 1962లో లండన్‌లో మళ్ళీ కనిపించింది. సియాం రాజు పిల్లలకు చదువు చెప్పిన ఆనా లియోనోవెన్స్ వారసుల ద్వారా వచ్చిందని చెబుతారు. ఆమె పుట్టింది మన అహ్మద్‌నగర్‌లో. ఎరిక్ న్యూమన్, కెన్నెత్ బ్రెసెట్ ఈ డాలర్ మీద పరిశోధించి పుస్తకం వేసింది కూడా ఆ ఏడే. ఇది దౌత్య కానుకల కోసం కొట్టిన నాణెమని వాళ్ళు వాదిస్తూ ఉండగానే, ఆ కానుక పెట్టె కళ్ళముందుకొచ్చింది. పరిశోధన చేసేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

ఇలా 1834-35లో కొట్టినవి ఎనిమిది మిగిలాయి. వీటిని మొదటి తరగతి అంటారు. 1843 మే నెలలో మాథ్యూ స్టిక్నీ అనే సేకర్త టంకశాలకు వెళ్ళి, తన దగ్గరున్న బంగారు ఇమ్యూన్ కొలంబియా ఇచ్చి ఒక 1804 డాలర్ పుచ్చుకున్నాడు. అది 1785 నాటి నమూనా, బంగారంలో ఒక్కటే ఉంది. సేకర్తల్లో ఈ డాలర్ మోజు అక్కడ మొదలైంది.

రెండో తరగతి 1858లో పుట్టింది. టంకశాల లోపలివాళ్ళే గుట్టుగా కొట్టి బయట అమ్మారు. థియోడోర్ ఎక్‌ఫెల్ట్ పేరు ఇక్కడ వినిపిస్తుంది. అల్లరి కావడంతో అమ్మినవి వెనక్కి తెప్పించారు. ఒక్కటి మిగిలింది, ఇప్పుడది స్మిత్సోనియన్‌లో ఉంది. దాని అంచు నున్నగా ఉంటుంది, అక్షరాలు లేవు. దాన్ని కొట్టడానికి వాడిన బిళ్ల బెర్న్ నగరపు 1857 నాటి స్విస్ వెండి నాణెం. భూతద్దం పెడితే కింద పాత ముద్ర జాడలు కనిపిస్తాయి. పైన 1804, అడుగున 1857! ఎన్ని సాక్ష్యాలు చదివినా దీనికి సాటి రాలేదు. మూడో తరగతి కూడా ఆ కాలానిదే, అంచు మీద అక్షరాలు తర్వాత వేశారు. మూడు తరగతులూ కలిపి 2024 మొదటికి తెలిసినవి పదిహేను.

మస్కట్ సుల్తానుదని పేరున్న డాలర్ 2021 ఆగస్టు వేలంలో 76 లక్షల 80 వేల డాలర్లు పలికింది. అంత ధర పలికే మొదటి తరగతి నాణెం కూడా, తన మీదున్న ఏటికి ముప్పై ఏళ్ళ తర్వాత పుట్టినదే. దాన్ని మాత్రం ఎవరూ రీస్ట్రైక్ అనరు. ఒక రకంగా సబబే, ఎందుకంటే దానికి ముందు 1804 డాలర్ లేదు, మళ్ళీ కొట్టడానికి. పైగా అది ఎవరికి, ఎందుకు, ఎప్పుడు వెళ్ళిందో కాగితాలున్నాయి. నాకు ముఖ్యం ఆ కాగితాలు.

27 జనవరి, శనివారం

జేమ్స్ రాస్ స్నోడెన్ 1853 నుంచి 1861 దాకా టంకశాల డైరెక్టరు. ఆయన మీద నాకు గౌరవమూ ఉంది, కోపమూ ఉంది. టంకశాలలో వాషింగ్టన్ పతకాలకు ప్రత్యేక గది ఏర్పాటు చేసి 1860 ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజున ప్రారంభించాడు. కొనడానికి డబ్బు లేదు. ఆ పతకాలున్న సేకర్తలకు బదులుగా ఏమివ్వాలి? పాత నమూనాలు, పాత అచ్చులతో మళ్ళీ కొట్టిన అరుదైన నాణేలు. అలా ఒక మంచి సంకల్పం తలుపు తీసింది. ఆ తలుపులోంచి సంకల్పం లేనివాళ్ళు కూడా దూరారు. పాత ఏళ్ళ అర సెంట్లు, 1856 ఫ్లయింగ్ ఈగిల్ సెంట్లు, గోబ్రెక్ట్ డాలర్లు మళ్ళీ మళ్ళీ కొట్టారు. ఏవి, ఎన్ని, ఎవరికి అన్న చిట్టా మాత్రం లేదు.

గోబ్రెక్ట్ డాలర్ అందం చూస్తే ఈ కోపం ఇంకా పెరుగుతుంది. 1836 డిసెంబరులో వెయ్యి కొట్టారు, ఒక్కోటి 416 గ్రెయిన్లు. 1837 జనవరి చట్టంతో బరువు 412.5 గ్రెయిన్లకు దిగింది, ఆ మార్చిలో 1836 ఏడుతోనే మరో 600 కొట్టారు. బొమ్మ వైపు కూర్చున్న స్వేచ్ఛామాత, బొరుసు మీద రెక్కలు చాచి ఎగిరే గద్ద. మళ్ళీ కొట్టడం 1858 ప్రాంతంలో మొదలైంది. తొలివి ఏవో, మలివి ఏవో ఎలా విడదీయాలి? చాలా కాలం పాటు సేకర్తలు నాణేన్ని తిప్పినప్పుడు గద్ద పైకి ఎగురుతోందా, అడ్డంగా పోతోందా అని చూసి తేల్చేవారు. తర్వాత వచ్చిన పరిశోధకులు అచ్చు మీది పగుళ్ళు, గీతలు ఒక వరుసలో పేర్చి, తిప్పే కోణం ఒక్కటే చాలదని చూపించారు. అంటే టంకశాల రెండు వాక్యాలు రాసి పెట్టుకోనందుకు నూట యాభై ఏళ్ళుగా జనం భూతద్దాలతో కళ్ళు పోగొట్టుకుంటున్నారు.

3 ఫిబ్రవరి, శనివారం

ఎండ కాసింది. ఫిలడెల్ఫియా వెళ్ళొచ్చాను. సెవెంత్ స్ట్రీట్ మీద తొలి టంకశాల ఉన్న చోట ఇప్పుడు ఫెడరల్ కార్యాలయ భవనం ఉంది. ఫ్రాంక్ స్టీవర్ట్ అనే విద్యుత్ సామాన్ల వ్యాపారి 1907లో ఆ పాత ఇళ్ళు కొన్నాడు. కాపాడటానికి దారి దొరక్క 1911లో కూల్చాడు. కానీ వాటి బొమ్మలు వేయించాడు, దొరికిన కాగితాలన్నీ చదివి తొలి టంకశాల చరిత్ర రాశాడు. అంత పని ఆ ఇళ్ళను నిలబెట్టగలిగిన వాళ్ళెవరూ చేయలేదు.

ఫిఫ్త్ స్ట్రీట్, ఆర్చ్ స్ట్రీట్ కూడలిలో ఇప్పటి టంకశాలకు ఎదురుగానే బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమాధి. దాని మీద జనం పెన్నీలు విసురుతూనే ఉంటారు. 1787 ఫ్యూజియో సెంటు మీది సూర్యగడియారం, నీ పని నువ్వు చూసుకో అన్న మాట ఆయనవేనంటారు. వెనక పదమూడు వలయాల గొలుసు.

ఆ ఫ్యూజియోకు న్యూ హేవెన్ రీస్ట్రైకులని ఉన్నాయి. బంగారం, వెండి, రాగి, ఇత్తడి. వాటి వెనక వలయాలు అసలు వాటికన్నా సన్నగా ఉంటాయి. న్యూ హేవెన్‌లో ఒక దుకాణంలో విల్లిస్ బెట్స్ అనే కుర్రవాడికి పాత అచ్చులు దొరికాయని కథ అల్లుకుంది. నిజానికి 1860 ప్రాంతంలో కొత్తగా చెక్కిన అచ్చులవి. కాబట్టి రీస్ట్రైక్ అనడం కూడా తప్పే, అవి నకళ్ళు. కుర్రవాడికి నిధి దొరికిన కథ వినడానికి ఎంత బాగున్నా దాన్ని నాణేనికి అంటగట్టకూడదు.

8 ఫిబ్రవరి, గురువారం

చిన్నా ఆ 1804 సెంటు వదిలేశాడు. ఇవాళ ఇంకోటి తెచ్చాడు. దక్షిణాది సమాఖ్య సెంటు, 1861, కంచు.

"ఇది అసలుదా అత్తా?"

"ఎప్పటిదని అడుగు. అసలుదా కాదా అన్నది తర్వాత తేలుతుంది."

రాబర్ట్ లవెట్ ఫిలడెల్ఫియాలో అచ్చులు చెక్కే నిపుణుడు. దక్షిణాది కోసం 1861లో రాగి నికెల్ మిశ్రమంతో పన్నెండు సెంట్లు కొట్టాడు. అమెరికా అంతర్యుద్ధం రావడంతో, శత్రువుకు సాయం చేశాడంటారన్న భయంతో దాచేశాడు. యుద్ధం ముగిశాక జాన్ హేసెల్టిన్ అనే వ్యాపారి అచ్చులతో సహా అవి కొన్నాడు. 1874లో బంగారంలో 7, వెండిలో 12, రాగిలో 55 కొట్టాడు. ఎన్ని కొట్టాడో లెక్క చెప్పాడు, అది ఆయన గొప్పతనం. 1961-62లో రాబర్ట్ బాష్‌లో అనే యువకుడు ఆ పాత అచ్చుల నుంచి కొత్త అచ్చులు తీయించి కంచులో 20,000 కొట్టించాడు. పాత అచ్చులను రద్దుచేసిన గీతలు కూడా ఆ నాణేల మీద ఉబ్బెత్తుగా వచ్చాయి. చిన్నా పంపిన ఫోటోలో ఆ గీతలు స్పష్టంగా ఉన్నాయి. "కొనుక్కో నాన్నా, ఏమీ దాచకుండా వచ్చింది. ధర కూడా దానికి తగ్గట్టే ఉంది."

దక్షిణాది అర డాలర్ కథ ఇంకో దారిన నడిచింది. న్యూ ఆర్లీన్స్ టంకశాలలో నాలుగే కొట్టారు, వాటిలో ఒకటి దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు వెళ్ళింది. బొరుసు అచ్చు తర్వాత న్యూయార్క్ వ్యాపారి జాన్ వాల్టర్ స్కాట్ చేతికొచ్చింది. తపాలా బిళ్లలు సేకరించేవాళ్ళు చెప్పుకునే స్కాట్ క్యాటలాగు ఈయనదే. 1861 నాటి న్యూ ఆర్లీన్స్ అర డాలర్లు 500 తెప్పించి, బొరుసు గీకించి, అక్కడ దక్షిణాది అచ్చు వేయించాడు. గీకారు కాబట్టి బరువు తగ్గింది. వెనక దెబ్బ పడ్డప్పుడు ముందు బొమ్మ కొంచెం చదునైంది. నాణేన్ని చేతిలో పెట్టుకుంటే రెండూ తెలుస్తాయి.

11 ఫిబ్రవరి, ఆదివారం

విలియం వుడిన్. 1877 నాటి యాభై డాలర్ల బంగారు నమూనాలు రెండింటిని 1909లో ఒక్కోటి 10,000 డాలర్లకు కొన్నాడు. అమ్మింది హేసెల్టిన్ వాళ్ళే. ఇవి ప్రభుత్వం చేతినుంచి ఎలా జారాయని గగ్గోలు పుట్టింది. చివరికి వుడిన్ ఆ రెంటినీ టంకశాలకు తిరిగిచ్చి, బదులుగా పెట్టెలకొద్దీ ఇతర నమూనాలు పుచ్చుకున్నాడు. ఆ రెండు బంగారు బిళ్లలూ ఇప్పుడు స్మిత్సోనియన్‌లో ఉన్నాయి. పుచ్చుకున్నవాటిని చదివి, ఎడ్గార్ ఆడమ్స్‌తో కలిసి 1913లో తొలి నమూనాల పుస్తకం వేశారు.

ఆయనే 1933లో రూజ్‌వెల్ట్ దగ్గర ఆర్థిక మంత్రి. ఇళ్ళలోని బంగారు నాణేలన్నీ ప్రభుత్వానికి అప్పజెప్పమని ఏప్రిల్‌లో ఆజ్ఞ వెళ్ళింది, అరుదైన నాణేల సేకర్తలకు మాత్రం మినహాయింపు ఉంది. అది లేకపోతే ఎన్ని కరిగిపోయేవో.

17 ఫిబ్రవరి, శనివారం

కాస్టర్‌లాండ్ బిళ్ల. ఇన్ని రోజులుగా నేను చెప్పాలనుకుంటున్నది దీని అంచు మీదే ఉంది.

ఫ్రెంచి విప్లవానికి ఇల్లు వదిలినవాళ్ళ కోసం న్యూయార్క్ ఉత్తరాన బ్లాక్ నది ఒడ్డున వలస ఏర్పాటు చేయాలని పారిస్‌లో ఒక కంపెనీ పెట్టారు. దాని డైరెక్టర్లకు ఇవ్వడానికి 1796లో పారిస్ టంకశాలలో వెండి బిళ్లలు కొట్టించారు. చెక్కింది దువివియే. ఒకవైపు కోటగోడ కిరీటం పెట్టుకున్న స్త్రీ. రెండో వైపు దేవత పక్కన చక్కెర మేపుల్ చెట్టు, గాటు పెడితే కారుతున్న రసం, కింద బీవర్. వలస నిలవలేదు, బిళ్ల నిలిచింది. అచ్చులు టంకశాలలోనే ఉండిపోయాయి. అడిగినవాళ్ళకు కొట్టి ఇస్తూనే వచ్చారు.

కానీ 1832 నుంచి పారిస్ టంకశాల తన పతకాల అంచు మీద చిన్న గుర్తు వేస్తోంది. 1832 నుంచి 1841 దాకా దీపం. తర్వాత లంగరు, ఓడ ముక్కు. 1845 నుంచి 1860 దాకా వేలు చూపే చేయి. ఆపైన 1879 దాకా తేనెటీగ. 1880 నుంచి పళ్ళు నిండిన కొమ్ము. బొమ్మ అదే, ఏడు 1796 అనే ఉంటుంది, కానీ అంచు తిప్పి చూస్తే అది ఏ కాలంలో పుట్టిందో తెలిసిపోతుంది. పునర్ముద్రణ అయిన పుస్తకం లోపలి పుటలో ఆ ముద్రణ ఏడు వేసినట్టే. ఎవరికీ నష్టం లేదు. డబ్బు తక్కువున్నవాడు కొమ్ము గుర్తున్నది కొనుక్కుని దువివియే పనితనం అంతే తృప్తిగా చూసుకుంటాడు.

స్నోడెన్ ఈ పని చేసి ఉండాల్సింది. చేయడానికి ఉలి కొనంత చోటు చాలు. చేయకపోవడం వల్ల అరుదైనవి కొన్నవాడికి నమ్మకం పోయింది, మళ్ళీ కొట్టినవాటికి పరువు పోయింది.

సోహో కూడా గుర్తొచ్చింది. బర్మింగ్‌హామ్‌లో బౌల్టన్ ఆవిరి యంత్రాలతో నడిపిన టంకశాల. ఉత్తర సర్కారులకు, అంటే మా బందరు వైపు జిల్లాలకు, ఈస్టిండియా కంపెనీ రూపాయికి 48 చొప్పున చెల్లే రాగి నాణేలు కొట్టించింది అక్కడే. 1794వి, 1797వి రెండూ నా దగ్గరున్నాయి. కెంటకీ వలస కోసం మిడిల్టన్ పేరిట 1796లో టోకెన్లు కొట్టిందీ ఆ టంకశాలే. 1850లో సోహో సామాను అమ్మకానికి పెట్టినప్పుడు డబ్ల్యూ. జె. టేలర్ అచ్చులు కొనుక్కుని ఏళ్ళ తరబడి పాత నాణేలు మళ్ళీ కొట్టాడు. వాటి మీద గుర్తు లేదు. కాబట్టి బందరు నాణెం మెరుస్తూ కనిపిస్తే నేను ముందు సంతోషించను, తుప్పు బుడిపెలేమైనా ఉన్నాయా అని అంచు దాకా వెతుకుతాను.

24 ఫిబ్రవరి, శనివారం

చిన్నా బాష్‌లో సెంటు కొన్నాడు. కవరు మీద ఏం రాయాలని అడిగాడు. రెండు ఏళ్ళూ రాయమన్నాను. నాణెం మీది ఏడు 1861, కొట్టిన ఏడు 1961-62. ఎవరు కొట్టించారో మూడో వరుసలో.

తర్వాత నా డబ్బాలు దించాను. మన ముంబై, కలకత్తా టంకశాలలు కూడా సేకర్తలు కోరితే బ్రిటిష్ కాలపు పాత ఏళ్ళ నాణేలను కొత్తగా కొట్టి ఇచ్చేవి. 1970 ప్రాంతం దాకా ఆ అలవాటు సాగింది. నాన్న కొన్నవి కొన్ని నా దగ్గరున్నాయి, కవర్ల మీద పాత ఏడు ఒక్కటే ఉంది. ఆ కవర్లన్నీ మార్చాను. ముంబై రీస్ట్రైక్ అని తేలినవాటి మీద అలాగే రాశాను. అచ్చు ఏ దశలోదో ఇంకా తేల్చుకోనివాటి మీద రెండో ఏటికి ఖాళీ వదిలాను.

తరాసు తెరిచి బరువులు రాయడం మొదలుపెట్టాను. రాగివి అయ్యాయి. రూపాయలు రేపు.